ఉజుమ్మా విత్తనం ముట్టదు

అబా పట్టణంలో చెప్పులు కుట్టే వీధుల్లోకి వెళ్లి ఉజుమ్మా ఇల్లెక్కడని అడిగితే ముందు నవ్వుతారు, తర్వాత దారి చూపిస్తారు. పిసినారి అనేవాళ్లున్నారు, ఫోన్‌లో పెండలాలు దాచుకున్న ముసలిది అనేవాళ్లున్నారు. అదంతా ఆమె ముందే అంటారు, చాటున అనరు. చాటున అన్నది సాయంత్రానికల్లా ఆమె చెవిన పడుతుంది. మర్నాడు పొద్దున్నే వచ్చి అన్నవాళ్ల గుమ్మంలో నిలబడి జవాబు చెప్పి మరీ పోతుంది. అరవై దాటి మోకాళ్లు అరిగాయి కానీ ఆ నోరు మాత్రం అరగలేదు.

ముప్పై ఏళ్లు ఆమె చెప్పుల అడుగుకు వేసే రబ్బరు అమ్మింది. భర్త ఒజోయెమెనా చెప్పులు కుట్టేవాడు. కామెరూన్ నుంచి బేరగాళ్లు వచ్చి బస్తాలకు బస్తాలు పట్టుకుపోయేవారు. ఒకసారి అక్కడి డువాలా నుంచి వచ్చినవాడికి నోట్ల మార్పిడి కుదరలేదు. సగం నోట్లిస్తాను, సగం బిట్‌కాయిన్లిస్తాను అన్నాడు. ఒజోయెమెనా తన చెప్పులకు నోట్లే కావాలని పట్టుబట్టి తీసుకున్నాడు. రబ్బరు ఉజుమ్మాది కాబట్టి ఆ కంటికి కనిపించని నాణేలు ఆమె వంతుకు వచ్చాయి. “మా ఆవిడ గాలి కొనుక్కుంది” అని కల్లు దుకాణంలో అందరికీ చెప్పి నవ్వాడు ఆయన.

కొన్నాళ్లకు ఆ గాలికి ధర వచ్చింది. నవ్విన మనిషే మొదట చెయ్యి చాపాడు. సగం అమ్మించి ఒక చిన్న బస్సు కొన్నాడు. బస్సు ఆరు నెలలు తిరిగింది, ఆ తర్వాత డ్రైవరు పారిపోయాడు, ఇంజను పాడైంది. ఇప్పుడది పెరట్లో ఉంది, దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడతాయి. పాతసామాన్ల వాడు ఎన్నిసార్లు అడిగినా ఉజుమ్మా అమ్మలేదు. రోజూ పొద్దున్నే దాన్ని చూడాలి, బుద్ధి నిలబడుతుంది అంటుంది.

బస్సు మూలపడ్డాక ఆమె తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఆమె తండ్రి పెండలం రైతు. పంట ఇంటికి రాగానే దుంపల్ని రెండు వేర్వేరు దడులకు కట్టేవాడు, ఒకటి తిండికి, ఒకటి విత్తనానికి. వానల ముందు పిల్లలు ఆకలితో ఏడ్చే రోజుల్లో కూడా విత్తనం దడి వైపు చెయ్యి చాపితే కర్ర తీసేవాడు. ఉజుమ్మా తన నాణేలను అలాగే రెండు చేసింది. బిట్‌కాయిన్ విత్తనం. ఎగుడుదిగుడు లేకుండా డాలరుతో పాటే నిలకడగా ఉండే ఇంకో రకం నాణెం తిండి. ఏటా కొత్త పెండలం పండుగ అయ్యాక విత్తనం ధర చూసుకునేది. నిరుటికంటే మీదుంటే అందులో ఇరవై అయిదో వంతు తీసి తిండి వైపు మార్చేది. కిందుంటే ముట్టేది కాదు. తిండి వైపు రెండేళ్ల గ్రాసం ముందే కూడబెట్టింది కాబట్టి దాన్నే తినేది, అదీ కొంచెం పొట్ట బిగబట్టుకుని. నైరాల్లోకి, అంటే అక్కడ చెల్లే నోట్లలోకి, ఏ నెలకు కావలసింది ఆ నెలే మార్చుకునేది. నైరాలు దాచుకోవడమంటే మంచుగడ్డను కొంగున కట్టుకోవడమే అని ఆమెకు బాగా తెలుసు.

ఆమె లెక్కంతా ఇంతే. పిండికొద్దీ రొట్టె. అలా చేసుకుంటే చచ్చేదాకా ఎవరి చేతి వైపూ చూడకుండా బతకొచ్చు. ఉజుమ్మాకు ఈ లోకంలో కావలసింది కూడా అదొక్కటే. సరిగ్గా దాని మీదికే వచ్చారు మొగుడి తరఫువాళ్లు.

ఒజోయెమెనా పోయి అప్పటికి మూడేళ్లు. నడివానలో పోయాడు, ఉన్నంతలో పాతిపెట్టారు. కానీ రెండో కర్మ జరగలేదు. అది జరిగితే తప్ప పోయినవాడు తాతల సభలోకి వెళ్లడని ఆయన సొంతూరు ఉమునెకేలో అందరి నమ్మకం. ఆ ఏడు బిట్‌కాయిన్ ధర చెట్టెక్కి కూర్చుంది. ఆ ఎక్కడం ఉజుమ్మా కంటే ముందే ఆమె మరిది ఎచెజోనా కంటపడింది. ఇంటిపెద్ద పోయాక ఆ వంశానికి నోరు అతనే. ఒక ఆదివారం చర్చి కాగానే మరో అయిదుగురిని వెంటబెట్టుకుని అబాలో ఆమె ఇంటికి దిగాడు.

మాట మొదలుపెట్టే ముందు ఆనవాయితీగా నమిలే కోలా కాయ విరిచి పంచి, ఒక ముక్క నోట్లో వేసుకుని ఎచెజోనా మొదలుపెట్టాడు.

“మన భార్యా, అన్న మూడేళ్ల నుంచి దారి పక్కనే నిలబడున్నాడు. కల్లోకొస్తున్నాడు. తాతలు లోపలికి రానియ్యట్లేదంట.”

పెళ్లై ఆ ఊరికి వచ్చిన నాటి నుంచి ఆ వంశంలో ఆడా మగా అందరికీ ఆమె “మన భార్య”. ఆమె ఆ మగవాళ్లందరినీ “మొగుడా” అనాలి. ఉజుమ్మా నోట ఆ పిలుపు ఒక్కోసారి ఒక్కోలా పలికేది.

“నా కల్లో కూడా వస్తాడు మొగుడా. నిలబడ్డం ఎప్పుడూ చూళ్లేదు. కాళ్లు చాపుకుని కూర్చుని నశ్యం అడుగుతాడు.”

“ఎగతాళి చెయ్యకు. నీ ఫోన్లో ఉన్నదాని ధరెంతో నాకు తెలుసు. మా అల్లుడు రోజూ చూసి చెప్తాడు. ఇంత ధర మళ్లా వస్తదా? దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. నాలుగెద్దులు, వీధి పొడుగునా పందిళ్లు, వాయిద్యాలు, వంశమంతటికీ ఒకే రకం బట్టలు. ఊరు పదేళ్లు చెప్పుకోవాలి.”

“అంటే ఇల్లు పీకి పందిరెయ్యమంటావు.”

“ఇల్లెవరు పీకమన్నారు? ఉన్నదంతా ఒక్కసారే అమ్మెయ్. బేరగాణ్ని కూడా చూసిపెట్టా, మొత్తం ఒకేసారి కొంటాడు. కర్మకు పోగా మిగిల్నదాంతో ఊళ్లో మేడ కట్టిస్తా. ముందు నీ పేరే చెక్కిద్దాం.”

“మేడ మీద కూర్చుని ఏం తినాలి? నా పేరా?”

“మేం లేమా? మన భార్యను మేం పస్తులు పెడతామా?”

ఉజుమ్మా మోకాలు నొక్కుకుంటూ అతని వైపు తిరిగింది. “మందు బిళ్ల కావాలంటే నీ గుమ్మంలో నిలబడి దగ్గాలి. నువ్వు తిని, చెయ్యి కడుక్కుని, ఓ కునుకు తీసి వచ్చేదాకా కూర్చోవాలి. చూడు మొగుడా, నన్ను భార్యా అని పిలిచేవాళ్లు నలభైమంది. తిండి పెట్టినోడు ఒక్కడే, ఆయన పోయాడు. ఇప్పుడు నాకు పెట్టేదాన్ని నేనే. నా గాదె కింద పందికొక్కుల్ని పెంచలేను.”

వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎచెజోనా మొహం మాడిపోయింది.

“ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి! సరే విను. పండగలోగా కర్మ చెయ్యకపోతే మన వంశంలో ఎవడూ నీ గడప తొక్కడు. నువ్వు పోయినా తొక్కడు. మా అన్న పక్కన నీకు గొయ్యి తవ్వం. ఇక్కడే అబాలో ముక్కూ మొహం తెలీనోళ్ల మధ్య పారేస్తారు.”

ఇద్దరు ముసలివాళ్లు తలలు దించుకున్నారు. మెట్టినింటి మట్టిలో చోటు లేదనడం ఆ వైపు చావు కంటే పెద్ద మాట. ఎంత కోపంలో ఉన్నా ఆడమనిషితో అనరు. ఉజుమ్మాకు నొప్పి కలగలేదంటే అబద్ధం. అది వాళ్లకు కనపడకుండా వంగి, కింద పడ్డ కోలా తొక్కలు ఏరింది.

“వెళ్లేటప్పుడు ఇవి బయట పారేసి పొండి,” అంది. “ఇప్పుడే ఊడ్చుకున్నాను.”

పండుగ వచ్చింది. మొగుడి వంశంవాళ్లెవరూ ఆమెను పిలవలేదు. ఆమె ఎప్పటిలాగే ఇరవై అయిదో వంతు తీసి తిండి వైపు వేసుకుంది. ధర అంత మీదున్నప్పుడు ఇంకొంచెం తీస్తే ఏం పోతుందని ఆమెకు కూడా అనిపించింది. ఇంకొంచెం అన్న మాటకు అంతుండదని బస్సు వైపు చూసి ఊరుకుంది.

తర్వాత ధర పడింది. మెల్లగా మెట్లు దిగినట్టు కాదు, చెట్టు మీంచి కొబ్బరికాయ పడ్డట్టు పడింది. మరుసటి పండుగ నాటికి విత్తనం విలువ మూడో వంతుకు దిగింది. చెప్పుల వీధిలో నోరున్న ప్రతివాడికీ పని దొరికింది. రబ్బరు అమ్మే పాత పొరుగింటావిడ “ఉజుమ్మా, నీ పెండలాలకు పురుగు పట్టిందటగా!” అని దుకాణంలోంచే అరిచింది. ఎచెజోనా గడప తొక్కనన్నాడు కాబట్టి తొక్కలేదు, ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపాడు. “చేతులు కాలినయ్యా మన భార్యా? ఆకులు పంపనా పట్టుకోటానికి?”

ఆమె కూడా మాటే పంపింది. “పంపు మొగుడా. చేదాకైతే ఇంకా మంచిది, పులుసులోకి పనికొస్తుంది.”

నోటితో అంత తేలిగ్గా తీసేసినా ఇంట్లో అంత తేలిగ్గా లేదు. ఆ ఏడు విత్తనం ముట్టలేదు. తిండి వైపున్నదాన్నే సాగదీసింది. మాంసం మానేసింది, ఎండుచేప తలకాయలతో సరిపెట్టుకుంది. ఆటో మానేసి మోకాళ్లతో తిట్లు తింటూ నడిచింది. చర్చిలో ఆడవాళ్లంతా ఈస్టరుకు ఒకే రకం బట్ట కుట్టించుకుంటే ఈమె నిరుటి బట్టతోనే వెళ్లి ముందు వరసలో కూర్చుంది. వెనక కూర్చుంటే సిగ్గుపడ్డట్టు ఉంటుందని.

అది చాలదన్నట్టు ఇంకో దెబ్బ తగిలింది. ఆమె నాణేలను నెలనెలా నైరాల్లోకి మార్చిపెట్టేది అనాయో. ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, నాణేల బేరం కూడా చేసేవాడు. కొనేవాళ్లు డబ్బును నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఎందుకు పంపుతున్నారో రాసేచోట “చెప్పులకు” అనో “రబ్బరుకు” అనో మాత్రమే రాయాలి. నాణెం మాట కనిపిస్తే చాలు, బ్యాంకు ఖాతాకు తాళం వేస్తుంది. అనాయో ఈ సంగతి ప్రతివాడికీ రెండుసార్లు చెప్పేవాడు. ఆ నెల కొన్నవాడు కొత్తగా ప్రార్థనల్లో పడ్డ మనిషి, అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. “బిట్‌కాయిన్ అమ్మినావిడకు, దేవుడు దీవించుగాక” అని రాశాడు. మధ్యాహ్నానికి ఖాతా బిగిసిపోయింది.

అనాయో నెత్తి పట్టుకుని వచ్చాడు. “అమ్మా, కొట్టండి నన్ను. తిట్టండి.”

“నిన్నెందుకు తిట్టాలి? దీవించినవాణ్ని కూడా తిట్టకూడదు. వాడి చెయ్యి మాత్రం విరగాలి.”

“ఎన్నాళ్లకు తెరుస్తారో తెలీదమ్మా. నయం, ఒక్క నెలదే ఉంది అందులో. ఆనాడు మీ మరిది చెప్పినట్టు మొత్తం ఒకేసారి అమ్మి ఇందులో వేయించుకుని ఉంటే…” కాసేపు నసిగి అసలు సంగతి కదిపాడు. “ధర ఇంకా పడుతుందంటున్నారు. మిగిలిందైనా అమ్మేసుకోండి. నేను వేరే దారిలో మార్చిపెడతా. మీకూ మనసు కుదుటపడుతుంది.”

“నా మనసు కుదురుగానే ఉంది. నీ బేరమే కుదుర్లేదు.”

అలా అని పంపించేసింది కానీ, అతను వెళ్లాక ఫోన్ తీసింది. ఒప్పుకోవాలి, ఆమె వేలు అమ్మకం గుర్తు దాకా వెళ్లింది. గిన్నెలో కర్రపెండలం పిండి అడుగంటింది. మోకాలు వాచి ఉంది. కూతురు పోర్ట్ హార్కోర్ట్‌లో ఉంది, అడిగితే పంపుతుంది. పంపాక ప్రతి నెలా ఫోన్‌లో ఆ పిల్ల గొంతు కొంచెం కొంచెంగా మారుతుంది. ఆ మారడం వినడం కంటే ఆకలి మేలు. తండ్రి విత్తనం దడి దగ్గర కర్ర పట్టుకుని ఎందుకు కూర్చునేవాడో, ఆ చూపులో అంత కోపం ఎందుకుండేదో ఆమెకు ఆ వేళ తెలిసింది. అది పిల్లల మీద కోపం కాదు. ఆయనకూ ఆకలేసేది. ఆమె ఫోన్ బియ్యం డబ్బాలో పడేసి మూతపెట్టి, బస్సులోంచి నాలుగు గుడ్లు తెచ్చుకుని ఉడకబెట్టుకుంది.

వానలు వెనకబట్టాక ఖాతా తాళం తీశారు. ధర ఇంకా కిందే ఉంది. అప్పుడు, ఊరంతా ఆమె చితికిపోయిందని అనుకుంటున్న రోజుల్లో, ఉజుమ్మా ఉమునెకేకు కబురు పంపింది. పండుగ తర్వాతి శనివారం అక్కడే, ఒజోయెమెనాను పాతిన పెరట్లో, ఆయనకు రెండో కర్మ, ఒక మేక, రెండు కుండల కల్లు, కుంపటి మీద పెండలం, వచ్చేవాళ్లు రావచ్చు, రానివాళ్లు రాకపోవచ్చు.

“కొండను తవ్వి ఎలుకను పట్టింది,” అన్నాడు ఎచెజోనా. వంశంలో మగవాడెవడూ అటు వెళ్లకూడదన్నాడు. వాళ్లు వెళ్లలేదు కూడా, పెరటి గోడ మీద కూర్చుని చూశారు. చూడ్డానికి ఖర్చేముంది?

ఆడపడుచుల లెక్క వేరు. ఆ వంశంలో పుట్టిన ఆడవాళ్లు ఎక్కడికి మనువెళ్లినా చావుకు పుట్టింటికి తిరిగొస్తారు. వాళ్లు పీట వేసుకుని కూర్చున్నారంటే శవమైనా లేవాల్సిందే, మొండి మరిదైనా వంగాల్సిందే. వాళ్లందరికీ పెద్ద ఒజోయెమెనా అక్క ఉరెదియా. ఆమె మొగుడు పోయినప్పుడు తన పేరున ఉన్న నూనెతాటి తోట అమ్మి ఏడెద్దులు కోయించింది. ఆ ఏడెద్దుల సంగతి ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. తోట లేని ఉరెదియా ఇప్పుడు నలుగురు కొడుకుల ఇళ్లలో వంతుల మీద తింటుంది, కోడళ్లు గిన్నె మీద మూత పెట్టే చప్పుడును బట్టి ఆ పూట తనకెంత ఉందో తెలుసుకుంటుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఆమె కర్ర ఊపుకుంటూ వచ్చి మేక చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక పాతికమంది ఆడపడుచులు.

“ఇదేంటే? మా తమ్ముడికి ఒక్క మేకా? దీని కాళ్లు కూడా వంకరే!”

“నడిపించడానికి కాదు వదినా, తినడానికి.”

“ఎద్దేదే?”

“ఎద్దు విత్తనంలో ఉంది. విత్తనం ముట్టను. బతికుండగా బస్సని సగం తిన్నాడు. చచ్చాక మిగతా సగం తింటేనే తాతలు రానిస్తారంటే, అంత తిండిపోతు తాతల దగ్గరికి నా మొగుణ్ని పంపను. నా దగ్గరే కూర్చోబెట్టుకుంటాను.”

గోడ మీంచి నవ్వు వినిపించింది. ఆడపడుచుల్లో కూడా ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఎచెజోనా గోడ మీద లేచి నిలబడ్డాడు.

“నవ్వండి, నవ్వండి! రెండేళ్ల కింద చెప్పిందే అందరి ముందూ మళ్లా చెప్తున్నా. ఇది రేపు చస్తే ఈ పెరట్లో గొయ్యి లేదు!”

ఉజుమ్మా పెండలం కోస్తున్న కత్తి పట్టుకునే అతని వైపు తిరిగింది.

“నీ పెరడు నువ్వే ఉంచుకో మొగుడా. నువ్వా మాటన్న వారమే అబా సమాధుల తోటలో చోటు మాట్లాడుకున్నాను. తిండి వైపు నుంచే, నోరు కట్టుకుని, నెలకింత అని కడుతూ వచ్చాను. మొన్నటితో తీరింది. తవ్వేవాడికి కూలి కూడా ఇచ్చేశాను. కుడి పక్క ఎవరో పోస్టాఫీసు గుమాస్తా. ఎడమ పక్క ఖాళీ. ముక్కూ మొహం తెలీనోళ్లే. కానీ నన్ను ఎద్దులడగరు.”

అనాథల్నీ పరాయి ఊళ్లో పోయిన దిక్కులేనివాళ్లనీ పాతే చోటది. ఉమునెకేలో పుట్టినవాళ్లుగానీ మెట్టినవాళ్లుగానీ తమంతట తాము అక్కడికి పోతామన్న పాపాన పోలేదు. ఆ చోటుకు చివరి కంతు కట్టిన రోజున ఉజుమ్మా ఇంటికొచ్చి గట్టిగా ఏడ్చింది. పెళ్లైన నాటి నుంచి ఒజోయెమెనా పక్కనే అనుకున్న మనిషి. ఆయన నవ్వినా, బస్సు కొన్నా, ఆయన పక్కనే అనుకుంది. కానీ ఆ ఒక్క చోటు పట్టుకునే కదా ఎచెజోనా ఆమె గాదెలోకి తల దూర్చింది. అందుకని ఆ చోటునే వదిలేసింది. ఇక ఆమె దగ్గర వాళ్లు లాక్కునేదేమీ మిగల్లేదు.

ఆమె మేకను కోయించింది. పెండలం కుంపటి మీద కాలింది. ఒజోయెమెనాకని కల్లు నేల మీద పోసి, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడింది, అందులో రెండు తిట్లే. తర్వాత ఆడపడుచుల ముందు పళ్లేలు పెట్టింది. ఎవరూ ముట్టలేదు. అందరూ ఉరెదియా వైపు చూస్తున్నారు. ఆడపడుచు ముట్టకుండా లేచిందంటే అది కర్మ కానట్టే. గోడ మీద ఎచెజోనాకూ ఆ సంగతి తెలుసు, అతను మెడ చాచి చూస్తున్నాడు.

ఉరెదియా చాలాసేపు పళ్లెం వైపే చూసింది. అడిగి తీసుకోనిది, వంతు లేనిది, ఎవరూ మూత వెయ్యనిది. ఆమె కర్ర కింద పెట్టి, పక్కవాళ్లకు కూడా వినపడనంత మెల్లగా అడగబోయింది కానీ, ముసలి గొంతు, అందరికీ వినపడింది.

“ఎడమ పక్కన్నావే. అది ఇంకా ఖాళీయేనా?”

ఎచెజోనా గోడ దిగి పరిగెత్తుకొచ్చాడు. “అక్కా! ఏం మాటలవి? నలుగురు కొడుకులుండగా!”

“ఉన్నార్రా. అందుకే అడుగుతున్నా,” అంది ఉరెదియా, అతని వైపు చూడకుండానే.

“ఖాళీయే వదినా,” అంది ఉజుమ్మా. “నెలకింతని కట్టుకోవచ్చు. ఉన్నదంతా ఒకేసారి అమ్మి తెస్తానంటే మాత్రం నేను తోడు రాను.”

ఉరెదియా చేతులు కడుక్కుని పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఆడపడుచు చెయ్యి పెట్టాక కర్మ కాలేదనే హక్కు ఉమునెకేలో ఎవరికీ లేదు.